శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం చూపిస్తామని టికెట్లు అమ్మిన టూర్ కంపెనీకి

మేనేజర్ గారికి,
సిటీ టూర్ల విభాగం, హైదరాబాద్.

విషయం: ఒకరోజు హైదరాబాద్ టూర్‌లో చెప్పిన చోట్లు చూపించకపోవడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మా అమ్మ, మా అక్క కూతురు, నేను తెనాలి నుంచి వచ్చి గత శుక్రవారం మీ బస్సులో హైదరాబాద్ చూశాం. చూశాం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ కరపత్రంలో చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, బిర్లా మందిర్, హుస్సేన్‌సాగర్ అని ఉంది. వీటిలో మేం తీరిగ్గా చూసింది బిర్లా మందిర్ ఒక్కటే.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లాకి కూడా శుక్రవారమే సెలవు. ఇవి ఆ రోజు అనుకోకుండా వచ్చిన సెలవులు కావు, వారం వారం ఉండేవే. అక్కడికి బస్సులు తిప్పడమే వ్యాపారంగా పెట్టుకున్న మీకు ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. బుక్ చేసేటప్పుడు మేం వచ్చేది శుక్రవారం అని చెప్పి మరీ అడిగాను. "అన్నీ కవర్ అవుతాయి మేడమ్" అన్నారు మీ ఆఫీసు వాళ్లు. తీరా బస్సు మ్యూజియం గేటు ముందు నుంచి వెళుతుంటే "ఈరోజు క్లోజ్ అండీ" అని గైడ్ మైకులో ఒక ముక్క చెప్పి ఊరుకున్నాడు.

మా పిల్ల ఆ మ్యూజియం కోసమే ఈ ప్రయాణానికి ఒప్పుకుంది. గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారాన్ని చూడాలని దాని ఆశ. మధ్యాహ్నం పన్నెండుకి పన్నెండు దెబ్బలూ వినడానికి జనం ముందే వచ్చి కూర్చుంటారని ఎక్కడో చదువుకుంది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి పాలరాతిలో చెక్కిన రెబెకా బొమ్మని నాకూ మళ్లీ చూడాలని ఉండింది. ముఖం మీది పల్చటి మేలిముసుగు కూడా రాయే అంటే నమ్మబుద్ధి కాదు. ఆ మ్యూజియంలో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ బతికినంత కాలం ఖర్చుపెట్టి సేకరించిన వస్తువులే. వాటిని చూపిస్తామని చెప్పి డబ్బు తీసుకుని, మూసిన గేటు చూపించడం మోసమే.

అలా మిగిలిన సమయాన్ని దేనికి వాడారో కూడా రాస్తాను. ఒక ముత్యాల షాపుకి తీసుకెళ్లారు. తర్వాత ఒక చీరల షాపు. ఈ రెండూ కరపత్రంలో లేవు. ముత్యాల షాపులో మాకేమీ వద్దని బయటికొస్తే డ్రైవర్ బస్సు తలుపు తియ్యలేదు. అందరూ వచ్చాకే అన్నాడు. పెద్దవాళ్లు ఎండలో నిలబడ్డారు. షాపు కౌంటర్ దగ్గర మీ బస్సు నంబరూ, మనుషుల లెక్కా రిజిస్టర్‌లో రాసుకోవడం నా కళ్లతో చూశాను. అదెందుకో మీరే చెప్పాలి.

షాపులకి దొరికిన సమయం చార్మినార్‌కి దొరకలేదు. బస్సు మదీనా చౌరస్తా దగ్గర ఆపి, "అదిగో చార్మినార్, ఫొటోలు దిగి త్వరగా వచ్చెయ్యండి" అన్నారు. దగ్గరి దాకా వాహనాలు వెళ్లవని నాకూ తెలుసు. నడిచి వెళ్లి రావడానికి టైమ్ ఇవ్వాలి కదా! పైకెక్కడం మాట అటుంచండి, పక్కనే ఉన్న లాడ్ బజార్‌లో అడుగు కూడా పెట్టలేదు. అక్కడి లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. షాపింగ్ చేయించాలనే ఉంటే కొలిమి దగ్గర కూర్చుని గాజులు చేసేవాళ్ల వీధికి తీసుకెళ్లి ఉండొచ్చు.

పైగా చార్మినార్‌ని నిజాం నవాబు కట్టించాడని గైడ్ చెప్పాడు. అది కట్టింది 1591లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా. నిజాంల పాలన మొదలైంది 1724లో. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను, చిన్నవాడు, మర్యాదగా ఉన్నాడు. అతనికి ఏమీ నేర్పకుండా చేతికి మైకు ఇచ్చింది మీరు. బస్సులో ఉన్న పిల్లలందరూ ఆ మాటే నిజమనుకుని ఇళ్లకి వెళ్లారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది గోల్కొండ. మా అమ్మ ఈ వయసులో ఇంత దూరం వచ్చింది రామదాసు బందీఖానా చూడటానికి. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము ఖర్చు పెట్టాడని తానీషా కాలంలో కంచర్ల గోపన్నని పెట్టిన చెర అది. గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే దేవుడి రూపాలకి ఇప్పటికీ జనం దణ్ణం పెట్టుకుంటారు. చిన్నప్పటి నుంచి రామదాసు కీర్తనలు పాడుకుంటూ పెరిగిన మనిషి మా అమ్మ. ఆ గదిలో నిలబడి ఒక్క కీర్తన పాడుకుంటానని బయల్దేరినప్పటి నుంచీ చెబుతూనే ఉంది.

షాపులయ్యాక కోటకి చేరేసరికి సాయంత్రమైంది. మూసేవేళ దగ్గర పడిందనీ అరగంటలో తిరిగి రావాలనీ గైడ్ తొందర పెట్టాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ మెట్లెక్కి చెర దాకా వెళ్లి రావడం అరగంటలో అవుతుందా? దర్వాజా కమాను కింద అందరి చేతా చప్పట్లు కొట్టించి, ఈ చప్పుడు పైన కొండ కొసన ఉన్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుందని చెప్పి వెనక్కి తిప్పేశారు. పైన వినేవాళ్లు మాలో ఒక్కరూ లేరు. అమ్మ ఏమీ అనలేదు, బస్సెక్కి కూర్చుంది. నేనే గైడ్‌ని బతిమాలాను, డ్రైవర్‌ని బతిమాలాను. హుస్సేన్‌సాగర్‌కి లేటవుతుందన్నారు. ఆ హుస్సేన్‌సాగర్ కూడా ట్యాంక్‌బండ్ మీద పోతున్న బస్సు కిటికీలోంచే చూశాం.

నేను అడిగేవి ఇవి. మా ముగ్గురి టికెట్ డబ్బూ పూర్తిగా వాపసు ఇవ్వండి. చూపించని చోట్లకి లెక్కగట్టి ఎంతో కొంత ఇస్తామంటే ఒప్పుకోను, ఆ చోట్ల కోసమే మీ టూర్ ఎంచుకున్నాం. శుక్రవారం బస్సుకి మ్యూజియం, చౌమహల్లా పేర్లు తీసేసి, ఆ సమయం గోల్కొండకి ఇవ్వండి. కోటకి ఉదయమే తీసుకెళ్లండి, మూడు గంటలైనా ఉంచండి. షాపుల దగ్గర ఆగేట్టయితే ఎన్ని షాపులో, ఎంతసేపో డబ్బు తీసుకునే ముందే రాసి చూపించండి. వద్దన్నవాళ్లని బస్సులో కూర్చోనివ్వండి. గైడ్‌లకి సరైన చరిత్ర నేర్పించండి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వచ్చేసారికి డిస్కౌంట్ కూపన్ ఇస్తామన్నారు. అది నాకు అక్కర్లేదు. పదిహేను రోజుల్లో మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. టికెట్ రసీదు, మీ కరపత్రం, మూసిన మ్యూజియం గేటు ఫొటో ఈ లేఖకి జత చేశాను.

ఇట్లు,
మీ శుక్రవారం బస్సులో వచ్చిన ప్రయాణికురాలు,
తెనాలి.