పదిహేడు రోజులుగా ఒక్క ప్రశ్నకు జవాబు లేదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను విజయవాడలో ఒక్కడినే కాలేజీలకు, హాస్టళ్లకు ఆన్‌లైన్ అప్లికేషన్ ఫారాలు చేసిపెట్టి బతుకుతున్నాను. మీ ఫారం సర్వీసుకు ఆరేళ్లుగా డబ్బు కడుతున్నాను. ఒక్క ఏడు కూడా గడువు దాటనివ్వలేదు.

ఫారాల్లో రూల్స్ చూసే లైబ్రరీని, అంటే రెడీమేడ్ కోడ్‌ని, యప్ (Yup) నుంచి జాడ్ (Zod)కి మార్చుకోమని మీరే మెయిల్ పెట్టారు. మార్చడానికి టూల్ కూడా మీరే ఇచ్చారు. యప్‌లో రిక్వైర్డ్ అని రాస్తే ఖాళీ గడిని ఒప్పుకోదు. జాడ్‌లో ఉత్త స్ట్రింగ్ (అక్షరాల గడి) అని రాస్తే ఖాళీగా వదిలినా ఒప్పుకుంటుంది. కనీసం ఒక అక్షరం ఉండాలని మనం విడిగా రాయాలి. మీ టూల్ అది రాయలేదు. ఒక హాస్టల్‌కి 43 అప్లికేషన్లు తల్లిదండ్రుల ఫోన్ నంబరు లేకుండా వచ్చాయి. ఫోన్ చేసి కనుక్కుందామన్నా వార్డెన్ గారి దగ్గర నంబరే లేదు. "బాబూ, ఇంతకన్నా కాగితం ఫారాలే నయం కదా" అన్నారాయన. ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను.

కోడ్‌లో తప్పులు అందరికీ వస్తాయి. ఆ ఒక్క ఫారాన్ని రాత్రంతా కూర్చుని నేనే సరిచేశాను. నా కోపం దాని గురించి కాదు. మిగతా 30 ఫారాల కోసం మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: మీ టూల్ ఇంకా ఏ రూల్స్ వదిలేసింది?

మొదటి రోజు 24 గంటల్లో స్పందిస్తామని ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. నాలుగో రోజు ఒకాయన బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నారు. ఇది బ్రౌజర్ సమస్య కాదని వివరంగా రాశాను. ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపమన్నారు. ఎర్రర్ రావాల్సిన చోట రావడం లేదనే కదండీ నా ఫిర్యాదు, స్క్రీన్‌షాట్ దేనికి తీయాలి? చాట్‌లో 50 నిమిషాలు ఆగితే మధ్యలో మనిషి మారిపోయారు. కొత్తగా వచ్చినావిడ మళ్లీ పేరు దగ్గర్నుంచి అడిగారు. అయినా ఆవిడే నయం, "సార్, నాకు కోడ్ తెలియదు, తెలిసినవాళ్లకి పంపిస్తాను" అని ఉన్నమాట చెప్పారు. పన్నెండో రోజు "కస్టమర్ నుంచి స్పందన లేదు" అని టికెట్ మూసేశారు. మీ ప్రతి మెయిల్‌కీ నేను అదే రోజు జవాబిచ్చాను. స్పందన లేనిది ఎవరి నుంచి? మళ్లీ తెరిపిస్తే ఫోన్ వచ్చింది. ప్రీమియం ప్లాన్ తీసుకుంటే త్వరగా చూస్తారట! ఆరేళ్లుగా కట్టిన డబ్బు దేనికి మరి?

నా టెన్షన్ మీకు అర్థం కావాలని రెండు విషయాలు చెబుతాను. లోకల్ గార్డియన్ ఉన్నారని టిక్ పెడితే వాళ్ల నంబరు తప్పనిసరి అనే రూల్‌ని యప్‌లో వెన్ అనే షరతుతో రాశాం. జాడ్‌లో ఆ పద్ధతి లేదు, రిఫైన్ అనే మరో పద్ధతితో వేరేగా రాయాలి. మీ టూల్ రాసిందా? కుటుంబ ఆదాయం గడి ఖాళీగా వదిలితే, అంకెగా మార్చే జాడ్‌లోని కొయెర్స్ దాన్ని సున్నా చేసేస్తుంది. స్కాలర్‌షిప్ ఫారంలో సున్నా పడితే రేపు ఆ పిల్లవాడు అబద్ధం రాశాడంటారు.

ఆ టూల్ రాసినవాళ్ల చేత నాకు ఫోన్ చేయించండి. వదిలేసిన రూల్స్ జాబితా ఇవ్వండి. ఈ ఏడాది ఫీజు సంగతి కూడా తేల్చండి. వారంలోగా ఇవేవీ జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదని చెప్పకండి. స్వయం ఉపాధితో బతికేవాళ్లని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. నాకు తెలిసిన డెవలపర్లందరికీ మీ సర్వీసు వాడమని చెప్పింది నేనే. వద్దని కూడా నేనే చెబుతాను.

దయచేసి దీనికి ఆటోమేటిక్ మెయిల్ పంపకండి.

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్