మూడుసార్లు ఫోన్ కట్ చేసినా వదలని సిస్టర్ గారికి

నాకే తెలియని నా కంటి జబ్బును బయటపెట్టిన ముగ్గురి కోసం ఈ పోస్టు. ఒకరు మా ఫ్యాక్టరీ ఓహెచ్‌సీ (లోపలి ఆరోగ్య కేంద్రం) సిస్టర్ గారు, ఇంకొకరు చెకప్ రోజు కెమెరా తెచ్చిన టెక్నీషియన్ తమ్ముడు, మూడో ఆయన హైదరాబాద్‌లో కూర్చుని నా కంటి ఫొటో చూసిన డాక్టరు గారు. ఆ డాక్టరు గారి మొహం నేనింతవరకు చూడలేదు.

మాది పటాన్‌చెరు దగ్గర కెమికల్ ఫ్యాక్టరీ. ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవాళ్లకు ఏడాదికోసారి చెకప్ చేయించాలని చట్టంలోనే ఉంది కాబట్టి ఇది మాకు అలవాటే. బీపీ, షుగర్, ఊపిరితిత్తులు, చెవులు, చివర్లో గోడ మీద అక్షరాల చార్టు. ఆ చార్టు దగ్గర నేనెప్పుడూ ఫస్టే. కింది వరుస దాకా గడగడా చదివేస్తాను. 47 ఏళ్లొచ్చినా దూరపు చూపుకు అద్దాల్లేవని క్యాంటీన్‌లో గొప్పలు కూడా చెప్పుకునేవాణ్ని.

ఈసారి ట్రైనింగ్ రూమ్ కిటికీలకు నల్ల గుడ్డ కట్టి కొత్తగా ఒక కెమెరా పెట్టారు. గడ్డం ఆనించి కూర్చుంటే కంటి లోపలి పొరను ఫొటో తీస్తుంది. చుక్కల మందు వేయలేదు. గది చీకటిగా ఉంటే కంటిపాప దానంతటదే పెద్దదవుతుందట. ఫొటోలు నెట్‌లో కంటి ఆసుపత్రికి వెళ్తాయి, అక్కడి డాక్టర్లు చూసి రిపోర్టు పంపిస్తారు. కుడి కన్ను ఒక్క దెబ్బకు అయిపోయింది. ఎడమ కన్ను మసకగా వచ్చింది. ఫ్లాష్ పడ్డాక పాప ముడుచుకుపోతుందని, కాసేపు ఆగాలని ఆ తమ్ముడు చెప్పాడు. నాకేమో బీ షిఫ్టుకు టైమవుతోంది. "ఒకటి బాగానే వచ్చింది కదా, చాల్లే తమ్ముడూ" అంటూ లేచాను. "లేదన్నా, ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి" అన్నాడు. బయట లైన్లో జనం గొణుగుతున్నా వినిపించుకోకుండా మళ్లీ మళ్లీ తీశాడు. తేడా బయటపడింది ఆ ఎడమ కంట్లోనే.

నాలుగో రోజు నుంచి కొత్త నంబరుతో ఫోన్లు. క్రెడిట్ కార్డు వాళ్లనుకుని మూడుసార్లు కట్ చేశాను. నాలుగోసారి ఫోన్ రాలేదు, సిస్టర్ గారే హెల్మెట్ పెట్టుకుని ప్లాంట్‌లోకి వచ్చేశారు. ఎడమ కంటి నరం దగ్గర ఉండే గుంట మామూలు కన్నా పెద్దగా ఉందట, నీటికాసులు (గ్లాకోమా) అనుమానమని రిపోర్టులో రాశారట. "అనుమానమే కదా సిస్టర్" అన్నాను. "అది తీరాలంటే వెళ్లాలి కదా" అని, పక్కనే ఉన్న సూపర్‌వైజర్ దగ్గర అప్పటికప్పుడే సెలవు ఒప్పించారు.

ఆసుపత్రిలో ఎడమ కంటి ప్రెషర్ 28 వచ్చింది. మామూలుగా 21 లోపు ఉండాలి. తర్వాత ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టూ ఎంత మేర కనపడుతోందో చూసే పరీక్ష. ఒక కన్ను మూసి, గిన్నెలాంటి మిషన్‌లోకి చూస్తూ, ఎక్కడ చుక్క వెలిగినా బటన్ నొక్కాలి. మధ్యలో చాలాసేపు ఏమీ వెలగలేదు. "మేడమ్, మిషన్ ఆగిపోయినట్టుంది" అన్నాను. ఆమె ఒక్క క్షణం మాట్లాడలేదు. "వెలుగుతోందండీ, అటే చూస్తూ ఉండండి" అని మెల్లగా అన్నారు. వెన్నులో చలి పుట్టింది.

రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒకదాని లోటును ఇంకొకటి పూడ్చేస్తుంది కాబట్టి నాకు తెలియలేదని డాక్టరమ్మ చెప్పారు. చార్టు చూసేది నడిమి చూపునే, ఈ జబ్బు ముందు తినేది పక్క చూపును. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు. రోజూ రాత్రి ఒక చుక్క, వేశాక కన్ను మూసి ముక్కు పక్కన మూలలో వేలితో నొక్కి పట్టాలి. రెండు నెలలకు ప్రెషర్ 17కి దిగింది. (ఆ మందుతో ఎడమ కంటి రెప్ప వెంట్రుకలు ఒత్తుగా పెరిగాయి. మా ఆవిడ కుళ్లుకుంటోంది.)

"ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు మా బాపు గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో మంచం కోళ్లకు తగులుకునేవాడు, చెంబు తన్నేవాడు. "చూసి నడువరాదే" అని కసిరింది నేనే. వయసు మీద పడిందనుకున్నాం. అది ఇదేనో కాదో ఇప్పుడు తేల్చేదెట్లా? కానీ తోడబుట్టినవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువని చెప్పారు కాబట్టి అన్నను, చెల్లెను పట్టుబట్టి తీసుకెళ్లాను. అన్నకు ఏమీ లేదు. చెల్లెకు ప్రెషర్ కొంచెం ఎక్కువుంది, ఆర్నెల్లకోసారి రమ్మన్నారు. అంటే ఆ ఒక్క ఫొటో మా చెల్లెకు కూడా పనికొచ్చింది.

మా ఫ్యాక్టరీ అన్నలూ, ఫొటో బాగుందని రిపోర్టు వచ్చినవాళ్లు నిశ్చింతగా ఉండిపోకండి. ప్రెషర్ ఫొటోలో కనపడదు. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే పూర్తి పరీక్ష చేయించుకోండి.

తమ్ముడూ, ఆ రోజు నీమీద విసుక్కున్నందుకు సారీ. డాక్టరు గారూ, మీరెవరో తెలియకపోయినా దండం. సిస్టర్ గారూ, మీ నంబరు సేవ్ చేసుకున్నాను. ఈసారి మొదటి రింగుకే ఎత్తుతాను.