చలికి స్టార్ట్ కాని బండ్ల గురించి, మన షెడ్డు నుంచి ఒక మాట

ఏళ్ల తరబడి మన కంచరపాలెం షెడ్డుకే బండి తెస్తున్న అందరికీ నమస్కారం. ఈ డిసెంబరులో జరిగింది ఇంకొకరి నోట వినేకంటే నేనే చెప్పాలనిపించింది.

ఎంవీపీ కాలనీ మాస్టారు ఒకరు తన డీజిల్ బండి తెచ్చి, పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సొస్తోందన్నారు. నేను చూసింది మధ్యాహ్నం రెండింటికి, ఇంజన్ ఇంకా వేడిగా ఉండగా. టక్కున స్టార్టయింది. బ్యాటరీ పాతబడిందని అది మార్పించాను, హీటర్ ప్లగ్‌లు (చల్లటి డీజిల్ ఇంజన్ అందుకునేలా లోపల ముందే వేడి చేసేవి) నవంబరులో నేనే వేశాను కదా అని వాటి జోలికి పోలేదు. వారం తిరక్కముందే ఆయన పిల్లలతో అరకు వెళ్లారు. తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే తెల్ల పొగే తప్ప ఇంజన్ అందుకోలేదు, ఎండ ఎక్కేదాకా అక్కడే ఉండిపోయారు. ఫోన్లో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ప్లగ్‌లు విప్పి మీటరు పెట్టాను. మంచి ప్లగ్ ఒక ఓమ్‌కి కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. నాలుగింటిలో మూడు అసలేమీ చూపించలేదు, లోపల తెగిపోయాయి. నెల కూడా కాలేదు! పదకొండేళ్లుగా ఒకే షాపులో సామాను తెస్తున్నాను, ఒక్కసారి కూడా డబ్బు ఆపలేదు. అడిగితే షాపాయన చెప్పిన జవాబు ఇప్పటికీ మింగుడుపడటం లేదు: "వైజాగ్‌లో చలి ఎక్కడుంది, ఎవరికి తెలుస్తుంది?" నిజమే, మన ఊరి వేడికి ప్లగ్‌లు పోయినా చాలా డీజిల్ బండ్లు ఎలాగోలా స్టార్టయిపోతాయి. అరకులోనో లంబసింగిలోనో పిల్లలతో చిక్కుకున్నప్పుడు తెలుస్తుంది. కొత్త సెట్లు ఉచితంగా పంపిస్తానన్నాడు. వద్దన్నాను. ఇక ఆ షాపు మెట్లెక్కను, ఎవరు రాజీ చేయబోయినా సరే. నేను డూప్లికేట్ వేస్తానని ఎవరో అన్నారట, ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

తప్పు షాపుదే కాదు, వేడి ఇంజన్ మీద చలి జబ్బు వెతికిన నాది కూడా. అందుకే ఇకనుంచి ఈ కంప్లయింట్‌తో వచ్చే బండి రాత్రి షెడ్డులోనే ఉండాలి, పొద్దున్న మొదటి సెల్ఫ్ నేనే కొట్టాలి. ఇది తేల్చుకోవడానికి నాలుగు రాత్రులు నిద్రపట్టలేదు. షెడ్డులో ఆరు బండ్లే పడతాయి, రాత్రి ఉంచమంటే సగం మంది పక్క షెడ్డుకి పోతారని మా పెద్ద మెకానిక్ గట్టిగానే చెప్పాడు. పోతే పోనీ అనలేను, ఇంటి అద్దె, నలుగురి జీతాలు దీని మీదే. అయినా సాయంత్రం ఇచ్చేస్తానని చెప్పి మళ్లీ ఊహ మీద బ్యాటరీ అమ్మలేను.

ఉదయం చూసేది చాలా ఉంటుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడిపోతోందా, చల్లటి ఇంజన్‌కి స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే మీటరు) 80 డిగ్రీలని చూపిస్తోందా (అలా ఉంటే ఇంజన్ వేడి కొలిచే సెన్సర్ తప్పు చెబుతోంది, ఇంధనం సరిపడా పడదు), పెట్రోలు బండైతే తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపాక తేలిగ్గా స్టార్టవుతోందా, అంటే పెట్రోలు ప్రెజర్ రాత్రికి దిగిపోతోందా. బీచ్ వైపు బండ్లకైతే ముందు ఎర్త్ వైరు చూస్తాను, ఉప్పుగాలికి దాని కొసలు కిలుము పడతాయి, అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ నీరసంగానే తిరుగుతుంది.

ఆ ప్లగ్‌లు పదకొండు బండ్లకు వేశాను. అన్నిటికీ కంపెనీ ప్లగ్‌లు నా ఖర్చుతో మారుస్తున్నాను, లేబర్ లేదు. తొమ్మిది మందితో మాట్లాడాను, ఇద్దరి ఫోన్లు కలవలేదు. నవంబరులో మన దగ్గర హీటర్ ప్లగ్‌లు వేయించుకుని నా ఫోన్ రానివాళ్లుంటే, ఘాటీ ఎక్కేముందు ఒకసారి షెడ్డుకి రండి. మాస్టారికి బ్యాటరీ డబ్బు పంపితే వెనక్కి పంపేశారు, ఈ ఆదివారం ఇంటికెళ్లి చేతికిచ్చి వస్తాను.