రాజూ, ఇంట్లో తెలుగు ఆపకు

ఒరేయ్ రాజూ,

నిన్న నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ ఇదే ఆలోచన. ఫోన్లో అయితే నువ్వు మధ్యలోనే "సరేలే" అని తేల్చేస్తావు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు. మీవాడు క్లాసులో మాట్లాడటం లేదని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని స్కూలువాళ్ళు అన్నారని, సోమవారం నుంచి మొదలుపెడతామని చెప్పావు కదా. వద్దురా. మొదలుపెట్టకండి.

మా పెద్దదానికి నాలుగేళ్ళప్పుడు మాకూ ఒక స్కూల్లో ఇదే మాట చెప్పారు, మేం విన్నాం. "కమ్", "ఈట్", "సిట్ డౌన్", ఇంట్లో మాటలు అంతటితో ఆగిపోయాయి. గోడ మీద బల్లి తోక ఎందుకు ఊడిపోయిందో, చందమామ మన స్కూటర్ వెంటే ఎందుకొస్తాడో మాట్లాడుకోవాలంటే మాకు తెలుగే కావాలి మరి. ఆర్నెల్లు తిరిగేసరికి పిల్ల ప్రశ్నలు అడగడం మానేసింది. రోజుకి వంద ప్రశ్నలు వేసే పిల్ల! అప్పుడు భయమేసి మళ్ళీ తెలుగులోకి వచ్చేశాం. నేను ఈ విషయం గురించి కూర్చుని చదవడం కూడా అప్పుడే మొదలైంది.

పుట్టగానే బిడ్డ తల్లి గొంతు గుర్తుపడుతుంది, ఎందుకంటే కడుపులో ఉండగానే వింటూ ఉంటుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కలిసి ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలకి హిందీలోని త, ట శబ్దాలు వినిపిస్తే తేడా ఇట్టే పట్టేశారట. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందికి ఆ తేడా తెలియలేదు. మన పిల్లలకి అది ఎందుకు పోదంటే వాళ్ళు రోజూ "తాత", "టాటా" రెండూ వింటారు. ఏడాది నిండకముందే మెదడు తన ఇంటి భాషకి చెవిని పదును పెట్టుకుంటోందన్నమాట. మీవాడికి ఆ పదునంతా తెలుగులో ఉంది.

సూత్రాలు కూడా వాళ్ళే పట్టేసుకుంటారు. మా చిన్నాడికి మూడేళ్ళు, మొన్న అన్నానికి కూర్చుంటూ "నాన్నా, నా చెయ్యిలు కడుక్కున్నా" అన్నాడు. ఇంట్లో ఎవరం ఆ మాట అనలేదు, మేమంతా "చేతులు" అనే అంటాం. కుక్క కుక్కలు, పిల్లి పిల్లులు, అలాగే చెయ్యి చెయ్యిలు. వాడు తప్పు మాట్లాడాడని మా అమ్మ దిద్దబోయింది కానీ, నాకైతే వాడు వ్యాకరణం సొంతంగా కనిపెట్టాడని ఎంత ముచ్చటేసిందో!

అయితే ఇదంతా మనిషి ఎదురుగా ఉంటేనే. 2003లో అమెరికాలో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లల్ని తీసుకుని, చైనీస్ మాట్లాడే మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఆడించారు. పన్నెండు సార్లకే ఆ భాష శబ్దాలు పిల్లలకి పట్టుబడ్డాయి. అవే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ రాలేదు. నాలుగేళ్ళ వయసుకి వీడియోల్లోంచి కొన్ని మాటలు వస్తాయి, కాదనను, కానీ వీడియో మీవాడి మాట విని తిరిగి జవాబు చెప్పదు కదా. 2018లో వచ్చిన ఇంకో పరిశోధనలో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల ఇళ్ళలో మాటలు రికార్డు చేసి, మెదడు స్కాన్‌లతో పోల్చారు. మాటకి మాట ఎక్కువ నడిచే ఇళ్ళ పిల్లలకి కథ వింటున్నప్పుడు మెదడులో భాషకి సంబంధించిన బ్రోకా ప్రాంతం ఎక్కువ చురుగ్గా కనిపించింది. చెవిన పడిన మాటల లెక్క కన్నా ఇలా ఇచ్చిపుచ్చుకోవడానికే అక్కడ ఎక్కువ బలం. మరి మీకు బాగా వచ్చిన భాషలో కాకపోతే మాటకి మాట ఎలా నడుస్తుందిరా?

చదవడం మాత్రం దానంతటది రాదు. రాత పుట్టి ఐదువేల ఏళ్ళు దాటిందంతే, దానికోసం మెదడులో పుట్టుకతో వచ్చే చోటంటూ లేదు. మొహాలు, వస్తువులు గుర్తుపట్టే ప్రాంతంలో ఎడమవైపు కొంత భాగాన్ని పిల్లలు అక్షరాలకి మళ్ళించుకుంటారని ఫ్రాన్స్‌లో స్టానిస్లాస్ డెహేన్ అనే ఆయన చెబుతారు. కప్పు పిడి కుడివైపున్నా ఎడమవైపున్నా కప్పే కదా, ఆ అలవాటుతోనే మొదట్లో 3 అంకెని తిరగేసి రాస్తారు. దానికి తిట్టకు.

అలా కంటికి పట్టిన అక్షరం వెళ్ళి కలవాల్సింది ముందే చెవిలో ఉన్న మాటతోనే. మొన్న స్కూటర్ మీద వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగితే, రెండో తరగతి చదివే మా పెద్దది ఒక కిరాణా కొట్టు బోర్డు చదువుతోంది. "శ్రీ... ల..." అని ఆగిపోయింది. క మీద గుడిదీర్ఘం, కింద ష వత్తు, పక్కన మ వత్తు. నోటితో చివర పలకాల్సిన "ఈ" రాతలో అన్నిటికన్నా పైన కూర్చుంటుంది, చూశావా ఎంత పనో! పెదాలు కదుపుతూ కాసేపు చూసి, "లక్ష్మీ! నానమ్మ పేరు!" అని అరిచింది. అదే పిల్ల ఇంగ్లీషు పాఠంలో "హెడ్జ్‌హాగ్" అనే మాటని కూడబలుక్కుని సరిగ్గానే చదివి, నా మొహంలోకి చూసింది. చెవిలో ఆ మాట లేదు, ఇక దేనితో కలుపుకుంటుంది పాపం.

మన వత్తులు, గుణింతాలు పూర్తిగా పట్టుబడటానికి టైం పడుతుంది, తొందరపెట్టకు. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో అక్షరాలన్నీ కుదురుకోవడానికి నాలుగైదు తరగతుల దాకా పట్టింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువేగా.

ఇంకో మాట. మీ బెంగళూరులో కింద ఆడుకునేటప్పుడు కన్నడ, ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, ఇన్ని భాషలతో వాడు గందరగోళపడతాడని టెన్షన్ పడకు. ఒక్కో భాషలో మాటలు తక్కువ అనిపించినా అన్నీ కలిపి లెక్కేయాలి. ఇంట్లో తెలుగులో గలగలా మాట్లాడుతూ, క్లాసులో మాత్రమే నోరు విప్పడం లేదంటే వాడికి అక్కడి భాష ఇంకా కొత్తగా ఉండి ఉంటుంది. అలా కాక తెలుగులో కూడా మాటలు సరిగ్గా రావడం లేదనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకు, ముందు చెవి పరీక్ష చేయించి, స్పీచ్ థెరపిస్టుకి చూపించు.

మీ అమ్మ మీ దగ్గరే ఉందిగా, రాత్రి అన్నం తినిపిస్తూ కథ చెప్పమను, మధ్యలో వాడు అడ్డుపడితే ఆపి జవాబు చెప్పమను. "కాకి, కత్తి, కప్ప, ఇంకా కతో ఏముంది?" అని నువ్వూ ఆడించు, ఆఫీసు నుంచి వచ్చాక పది నిమిషాలు చాలు. చెల్లెమ్మకి కూడా ఈ ఉత్తరం చూపించు, తను నీకన్నా ఎక్కువ కంగారు పడుతోందని గొంతులోనే తెలిసింది.

సోమవారం స్కూలుకెళ్ళి వాళ్ళతో ఏం మాట్లాడావో సాయంత్రమే చెప్పు. నీ ఫోన్ కోసం చూస్తుంటా.

నీ
శీను