12, 20, ఒక పాత జెర్సీ: జెర్రీ జోన్స్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జెర్రీ జోన్స్ గారికి,
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడే డాలస్ కౌబాయ్స్ జట్టుకి ఓనరు, ప్రెసిడెంటు, జనరల్ మేనేజరు. మూడు పదవులూ మీవే కాబట్టి మూడు ఉత్తరాలు రాసే పని తప్పింది. సంతోషం.

అయ్యా,

తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఫ్రిస్కోలో మీ ఆఫీసు బయటికొచ్చి ఎవరినైనా అడగండి, చదివి పెట్టేవాళ్లు ఐదు నిమిషాల్లో దొరుకుతారు. శనివారం హనుమాన్ గుడి దగ్గరయితే రెండు నిమిషాలు చాలు. పైగా ఇవే మాటలు ఈ ఊరివాళ్లు ముప్పై ఏళ్లుగా మీకు ఇంగ్లిష్‌లో చెబుతూనే ఉన్నారు. పని జరగలేదు. భాష మార్చి చూద్దామని నా ఆశ.

2026 ఏప్రిల్ 23న పిట్స్‌బర్గ్‌లో డ్రాఫ్ట్, అంటే కాలేజీ కుర్రాళ్లని జట్లు వరసగా ఎంచుకునే రోజు. మొదటి రౌండ్‌లో మనకి 12, 20 నంబరు పిక్‌లు, అంటే ఎంచుకునే వంతులు. ఈ రెండు నంబర్ల మీద మా ఇళ్లలో సంక్రాంతి నుంచి జరుగుతున్న గొడవ మీరు ఒక్కసారి వచ్చి చూడాలి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఎవరు ఎవరిని తీసుకుంటారో ఊహించే మాక్ డ్రాఫ్ట్ వారానికొకటి తయారవుతోంది. మా బావమరిది ఒహాయో స్టేట్‌లో చదివాడు. కాబట్టి వాడి దృష్టిలో దేశంలో ఫుట్‌బాల్ ఆడేది ఆ ఒక్క కాలేజీలోనే. కేలెబ్ డౌన్స్, సానీ స్టైల్స్, ఆర్వెల్ రీస్, వాడి లిస్టు అక్కడ మొదలై అక్కడే ఆగుతుంది. "రీస్ 12 దాకా మిగలడురా" అంటే, "అయితే ట్రేడ్ చేసి పైకెళ్లాలి" అంటాడు, పిక్‌లేవో వాడి జేబులో ఉన్నట్టు. ఎదురింటాయన లబక్‌లో చదివాడు కాబట్టి ఆయనకి టెక్సస్ టెక్ డేవిడ్ బెయిలీ తప్ప ఎవరూ ఆనరు. నాకు అవతలివాళ్ల పాస్‌లు అడ్డుకునే కార్నర్‌బ్యాక్ కావాలి, ఎల్‌ఎస్‌యూ మన్సూర్ డెలేన్ దొరికితే ఆ రాత్రి నిద్రపడుతుంది. మా అబ్బాయికి పదమూడేళ్లు, వాడిది మయామీ రూబెన్ బెయిన్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి పక్కనుంచి దూకే ఎడ్జ్ రషర్‌కి చేతులు అంత పొట్టిగా ఉంటే కష్టమని అందరూ అంటుంటే, "పొట్టివైతే ఏం నాన్నా, క్వార్టర్‌బ్యాక్ దాకా అందుతున్నాయిగా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఒక ఆదివారం ఇదంతా కాసేపు విన్నది. ఎత్తెంత, బరువెంత, ఎక్కడ చదివాడు, మోకాలికి ఆపరేషన్ అయిందట కదా, ఇప్పుడు బాగానే నడుస్తున్నాడా... వినివిని, "ఎవరికిరా సంబంధాలు చూస్తున్నారు?" అని అడిగింది. మోకాలి ఆపరేషన్ అబ్బాయి టెనెసీ జెర్మాడ్ మెకాయ్. గాయంతో పోయిన సీజనంతా ఆడలేదు. సొంతూరు టెక్సస్ కాబట్టి మీ మనసు అటు లాగుతుందేమోనని నాకు భయం. మోకాలు దెబ్బతిన్నవాడంటే మీకెందుకో చెప్పలేని ప్రేమ. 2016లో జేలన్ స్మిత్, పోయినేడాది షవాన్ రెవెల్. ఇది పూర్తిగా తప్పని అనను. కానీ ఆస్పత్రి నుంచి డిశ్చార్జి కాగితాలు వచ్చేదాకా అయినా ఆగుదాం.

సరే, అసలు సంగతికి వస్తాను. ఈ గొడవ మంచి రసపట్టులో ఉండగా ఎవరో ఒకరు ఊరికే ఒక మాట అంటారు. "ఎవరిని తీసుకుంటే ఏముందిలే, నాలుగేళ్లు ఆడాక ఎవరికి ఇచ్చేస్తారో." అంతే. అందరం ప్లేట్లలోకి చూసుకుంటాం.

మైకా పార్సన్స్‌ని మీరు తీసుకున్నది 2021లో. నంబరు కూడా ఇదే, 12. నిజానికి మనది 10. కావాల్సిన కార్నర్‌బ్యాక్‌లు ఇద్దరూ వెళ్లిపోయారని ఈగల్స్‌తో మార్చుకుని రెండు మెట్లు దిగి, మూడో రౌండ్ పిక్ ఒకటి కొసరుగా తెచ్చుకుని, అప్పుడు పార్సన్స్‌ని తీసుకున్నారు. నా ఎరుకలో మీరు చేసిన అతి తెలివైన పని అదే. నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని అన్నిసార్లు పడగొట్టాడు. ఏ ఏడాదీ పన్నెండుకి తగ్గలేదు. మొదటి ఏడాదే డిఫెన్స్‌లో బెస్ట్ రూకీ అవార్డు. మా అబ్బాయికి అప్పుడే 11 నంబరు జెర్సీ కొన్నాను. వంద డాలర్ల పైనే పెట్టే బట్ట కదా, పెరిగే పిల్లాడు కదా అని రెండు సైజులు పెద్దది తీసుకున్నాను. మా నాన్న నాకు స్కూలు నిక్కర్లు కుట్టించినట్టే. నాలుగేళ్లు వాడు దాన్ని చేతులు మడిచి, నైటీలా వేసుకుని తిరిగాడు. పోయిన ఆగస్టులో స్కూలు తెరిచాక చూస్తే భుజాల దగ్గర అచ్చంగా సరిపోయింది. ఆగస్టు 28న మీరు ఆ మనిషిని అమ్మేశారు.

అదీ ఎవరికి? లీగ్‌లో ఇంకా ముప్పై ఒక్క జట్లున్నాయి. గ్రీన్ బే ప్యాకర్స్‌కి. 2015 జనవరిలో డెజ్ బ్రయంట్ పట్టిన బంతిని పట్టలేదన్నది ఎక్కడ? గ్రీన్ బేలో. 2017 జనవరిలో మన గడ్డ మీదే ఆఖరి సెకన్లలో ఫీల్డ్ గోల్ కొట్టి మనల్ని ఇంటికి పంపిందెవరు? గ్రీన్ బే. 2024 జనవరిలో ఏడో సీడ్‌గా వచ్చి ఆర్లింగ్టన్‌లో 48 పాయింట్లు కొట్టి పోయిందెవరు? చెప్పక్కర్లేదు. వాళ్లకి మనం పార్సన్స్‌ని పంపాం. సరిగ్గా నెల తిరిగేసరికి అతను మన స్టేడియానికే వాళ్ల జెర్సీలో వచ్చాడు. 40-40, టై. ఓవర్‌టైమ్‌లో మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌ని పడగొట్టింది కూడా అతనే. ఇది చాలదన్నట్టు డిసెంబరు ఆఖర్లో మన కార్నర్‌బ్యాక్ ట్రెవాన్ డిగ్స్‌ని వదిలేశారు. 2021లో అవతలివాళ్ల పాస్‌లు పదకొండు లాక్కున్నవాడు. మర్నాడే గ్రీన్ బే వచ్చి తీసుకెళ్లింది. అయ్యా, తప్పుగా అనుకోకపోతే ఒక్కటి అడుగుతాను. గ్రీన్ బేవాళ్లు ఏమన్నా మీ వియ్యాలవారా?

పార్సన్స్ తర్వాత డిసెంబరులో మోకాలికి గాయమై ఆగిపోయాడు. "చూశావా, జెర్రీ ముందే ఊహించాడు" అని మా ఎదురింటాయన. ఈ ఊళ్లో మిమ్మల్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఇంకా మిగిలారంటే అది మీ అదృష్టం. ఒకడి గాయం చూసి మనం సంతోషించే స్థితికి వచ్చామంటే ఇక ఏం చెప్పాలి.

డబ్బు లేక అమ్మారంటే ఊరుకునేవాణ్ణి. జట్టు ధరలో ప్రపంచంలోనే మనం మొదటివాళ్లం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా వైపు ఒక సామెత. కథంతా ఆలస్యంలో ఉంది. 2024లో మన రిసీవర్ సీడీ లాంబ్‌తో సంతకం ఆగస్టు 26న. డాక్‌తో సరిగ్గా మొదటి మ్యాచ్ రోజు పొద్దున, అదీ ఏడాదికి ఆరు కోట్ల డాలర్లకి. ప్రతి ఏడూ ఇదే వరస. మీరు వేచి చూస్తారు, ఈలోగా రేటు పెరుగుతుంది. పోయినేడాది మార్చిలో, పార్సన్స్ చేసే పనే వేరే జట్టులో చేసే మైల్స్ గారెట్ ఏడాదికి నాలుగు కోట్ల డాలర్లు అందుకున్నాడు. జూలైలో టీజే వాట్ ఇంకో మెట్టెక్కాడు. ఆగస్టుకి పార్సన్స్‌కి గ్రీన్ బే ఇచ్చింది ఏడాదికి 4.7 కోట్లు. ఏజెంటుని పక్కన పెట్టి కుర్రాడితో నేరుగా మాట్లాడేసుకున్నామని మీరన్నారు. మా ఇళ్లలో కూడా మధ్యవర్తిని వదిలేసి పెళ్లికొడుకుతో నేరుగా కట్నం మాట్లాడితే ఇలాగే అవుతుంది. మిమ్మల్ని అనేంతటివాణ్ణి కాను. వచ్చే ఏడాది చూద్దాం, ఇంకో ఏడాది చూద్దాం అంటూ కోకాపేటలో ప్లాట్ వదులుకున్నవాణ్ణి నేను. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ వారానికోసారి గుర్తు చేస్తుంది. మీకు గుర్తు చేసేవాళ్లు ఎవరూ లేనట్టున్నారు. మిగతా జట్లలో జీఎం తప్పు చేస్తే ఓనరు పిలిచి తలుపు చూపిస్తాడు. మన దగ్గర ఓనరుగారు జీఎంగారిని పిలవాలంటే అద్దం ముందు నిలబడాలి.

ఆ ట్రేడ్ జరిగినప్పుడు అందరూ 1989 హెర్షెల్ వాకర్ ట్రేడ్‌ని తవ్వి తీశారు. అలా వచ్చిన పిక్‌లతోనే కదా ఎమిట్ స్మిత్ వచ్చింది, డారెన్ వుడ్సన్ వచ్చింది, మూడు సూపర్ బౌల్‌లు వచ్చాయి అని. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి. ఆ మూడోది 1996 జనవరిలో. నేనప్పుడు ఇంటర్ ఎంసెట్ టెన్షన్‌లో ఉన్నాను, ఈ ఆట పేరు కూడా తెలీదు. ఆ తర్వాత సూపర్ బౌల్‌కి ముందు మెట్టయిన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ గడప కూడా తొక్కలేదు. 2006లో రిచర్డ్‌సన్‌కి ఎం.ఎస్.కి వచ్చిన నేను మొదట చూసిన ప్లేఆఫ్ మ్యాచ్ 2007 జనవరిలో సియాటల్‌ది. మన క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో చేతిలోంచి బంతి జారింది. రూమ్మేట్లు వద్దురా అన్నారు, అప్పుడే వినాల్సింది.

మీకు డ్రాఫ్ట్ చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2014లో మీకు క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ కావాలి. మీ అబ్బాయి స్టీఫెన్‌గారు, ఆటగాళ్లని వెతికిపెట్టే విల్ మెక్‌క్లేగారు ఆపబట్టి జాక్ మార్టిన్ వచ్చాడు. 2016లో ఇంకో క్వార్టర్‌బ్యాక్ పాక్స్‌టన్ లించ్ కోసం పైకెళ్లాలని చూశారు, డెన్వర్ తన్నుకుపోయింది. తర్వాత కానర్ కుక్ అన్నారు, రైడర్స్ పట్టుకుపోయారు. అలా మిగిలినవాడు డాక్, 135వ పిక్. దేవుడు మనకిచ్చిన వరాల్లో చాలావరకు మీరు అడిగి దొరకనివే. మీరు కోరుకుని దక్కించుకున్నవాళ్ల గురించి ఎక్కువ రాయను. 2017లో 28కి టాకో చార్ల్‌టన్, ఆ తర్వాత రెండు పేర్లకే టీజే వాట్. 2023లో 26కి మాజీ స్మిత్. అతన్ని చివరికి జెట్స్‌తో బేరంలో కొసరుగా వేశారు.

జెట్స్ బేరం అంటే గుర్తొచ్చింది. క్విన్నెన్ విలియమ్స్ మంచి ఆటగాడే, కాదనను. కానీ అతని కోసం ఈ ఏడాది రెండో రౌండ్ పిక్ పోయింది, వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ ఒకటి పోయింది. రిసీవర్ జార్జ్ పికెన్స్ కోసం ఈ ఏడాది మూడో రౌండ్ పిక్ ముందే స్టీలర్స్‌కి ఇచ్చేశారు. అంటే పార్సన్స్ బదులు గ్రీన్ బే నుంచి వచ్చిన రెండు మొదటి రౌండ్ పిక్‌ల విలువలో సగం ఖర్చయిపోయింది. మిగిలింది ఆ 20. అందుకే దాని మీద ఇంత కొట్టుకుంటున్నాం. అది పిక్ కాదు, ఇల్లు అమ్మగా వచ్చిన డబ్బు.

కాబట్టి మా విన్నపం. రెండూ డిఫెన్స్‌కే వాడండి. పోయిన సీజన్‌లో లీగ్ మొత్తం మీద అందరికంటే ఎక్కువ పాయింట్లు ఇచ్చింది మనమే, మ్యాచ్‌కి సగటున ముప్పై. డాక్, లాంబ్, పికెన్స్ కలిసి అటు ఎంత వండి వార్చినా ఇటు గిన్నెకి చిల్లు. డౌన్స్‌ని తీసుకోండి, డెలేన్‌ని తీసుకోండి, స్టైల్స్‌ని తీసుకోండి, చేతులు పొట్టివైనా బెయిన్‌ని తీసుకోండి, మాలో ఎవరో ఒకరు గెలుస్తారు, మిగతావాళ్లం వారం రోజులు అలిగి మానేస్తాం. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ మాత్రం వద్దు. నోటర్‌డామ్ జెరెమయా లవ్ పరుగు చూస్తే నాకూ గుండె జారుతుంది. అయినా వద్దు. ఆ సమయానికి మీ ఫోను స్టీఫెన్‌గారి చేతికిస్తే ఇంకా మంచిది.

ఇంకొకటి, అసలుది. తీసుకున్నవాడు పనికొచ్చేవాడయితే మూడో సీజన్ అయిపోగానే పిలిచి సంతకం పెట్టించండి. ఆగస్టు దాకా లాగొద్దు. డిఫెన్స్‌కే వాడండని మళ్లీ చెబుతున్నాను, ఎందుకైనా మంచిది.

23 సాయంత్రం మా ఇంటి మీడియా రూమ్‌లో ఇరవైమందిమి ఉంటాం. బిర్యానీ మా బావమరిది తెస్తాడు, పులిహోర మాది. 12వ పేరు చదవగానే మా వాడు కొత్త జెర్సీ అడుగుతాడు, నాకు తెలుసు. ఈసారి మాత్రం ఇప్పటికి సరిపోయే సైజే కొంటాను.

ఇట్లు,
2006 నుంచి మీ వల్ల ఆదివారాలు పాడు చేసుకుంటున్న
ఒక ఫ్రిస్కో తెలుగువాడు