క్యాసెట్టు దొరికింది బావా

మహబూబ్‌నగర్,
ఆదివారం రాత్రి

బావా,

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరమేంది అనుకుంటావేమో. ఫోన్‌లో నన్ను ఒక్క మాటైనా సీరియస్‌గా చెప్పనిచ్చావా ఎప్పుడైనా? మధ్యలో ఎవరి గొంతో తీస్తావు, నేను నవ్వుతాను, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే కాగితం పట్టుకున్నా.

ఇంటికి సున్నం వేయిద్దామని సజ్జ మీది సామాను దించాం. పాత ట్రంకుపెట్టెలో, మా నాయన పాసుపుస్తకం కింద, మీ నాయన బొంబాయి నుంచి తెచ్చిన, ఆ హిందీ సినిమా కమెడియన్ జానీ లీవర్ క్యాసెట్టు! నీకు ఎప్పుడో తిరిగిచ్చేశానని ముప్పై ఏళ్లుగా ఒట్లు పెడుతున్నా కదా. ఇవ్వలేదు. ఒప్పుకుంటున్నా, తిట్టుకో. రీలు బయటికొచ్చి నలిగింది. పెన్సిల్ పెట్టి తిప్పితే లోపలికైతే పోయింది కానీ, వినడానికి టేప్‌రికార్డర్ ఏది? మా చిన్నది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఎన్ని పాటలు పడతాయి డాడీ అంది. పాటలు కాదమ్మా, నవ్వులు అనబోయి ఆగిపోయా. ఆ డైలాగుకు నువ్వుంటే నన్ను వారం రోజులు ఏడిపించేవాడివి.

గుర్తుందా, ఆ ఏడు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరిపోయిందని మీ నాయన సంక్రాంతికి ఊరొచ్చాడు. సద్దిముల్లెతో బొంబాయి బస్సెక్కిన మనిషి టేప్‌రికార్డర్ భుజాన పెట్టుకుని దిగాడు. "వీడు మనోడే, తెలుగోడు" అని ఆయన చెప్తే మనం నమ్మలేదు. అంత హిందీ మాట్లాడేవాడు తెలుగోడెట్లయితడు అని నువ్వే వాదించావు. మీ నాయన మాటే నిజం. అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957లో ఆంధ్రాలోని కనిగిరిలో పుట్టి ధారావిలో, కింగ్స్ సర్కిల్ వైపు పెరిగాడు. నువ్వు రోజూ లోకల్లో దాటిపోయే చోటే.

క్యాసెట్టు వినే వీలు లేక, ఆ రాత్రంతా ఫోన్‌లో ఆయన పాత స్టేజి షోలు చూస్తూ కూర్చున్నా. బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఇల్లు గడవక మానేశాడు. బొంబాయి రోడ్ల మీద పెన్నులు అమ్మాడు. ఊరికే పెన్నులు, పెన్నులు అని అరిస్తే ఎవడు కొంటాడు? సినిమా హీరోల గొంతుతో పిలుస్తూ, వాళ్ల పాటలకు గంతులేస్తూ అమ్మాడు. కొన్నాళ్లు మన హైదరాబాద్ యాకుత్‌పురాలోనూ ఉన్నాడట. అందుకేనేమో, ఆయన హిందీలో నాకు అప్పుడప్పుడు ఇరానీ హోటల్ ముందు కూర్చున్నవాడి ఎటకారం వినిపిస్తుంది.

తర్వాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ కంపెనీలోనే కూలిపని. పగలు పీపాలు మోయడం, వీలున్నప్పుడల్లా స్టేజి మీద మిమిక్రీ. ఒకసారి కంపెనీ ఫంక్షన్‌లో పెద్దాఫీసర్లను వరసపెట్టి దించేశాడు. కార్మికులు పడీపడీ నవ్వి, ఇవాళ్టి నుంచి నీ పేరు జానీ లీవర్ అన్నారు. కంపెనీ పేరు ఇంటిపేరైంది చూడు.

నేనక్కడ వీడియో ఆపేశా. ఎందుకో నీకు తెలుసు.

ఆయన ఎవర్నన్నా దించేటప్పుడు గొంతు చివర్న వస్తుంది బావా. ముందు ఒళ్లు మారుతుంది. మెడ, భుజం, చూపు. నోరు తెరవకముందే ఆ మనిషెవరో జనానికి తెలిసిపోతుంది. నువ్వూ అంతే. లెక్కల సార్‌ను దించాలంటే ముందు ఎడమచేతి వాచీ విప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, టేబుల్ మీద పెట్టేవాడివి. నీకు వాచీ ఎక్కడిది? ఉత్త చెయ్యే. అయినా అది టేబుల్‌కు తగిలిన చప్పుడు మాకు వినబడేది. అప్పుడు మొదలుపెట్టేవాడివి: "లెక్క తప్పు కాదు బిడ్డా... నువ్వే తప్పు."

తొమ్మిదో తరగతి, స్కూల్ వార్షికోత్సవం. సార్ స్టేజి ఎక్కి నీ చెంప మీద ఒక్కటిచ్చాడు. మైక్ ఆన్‌లోనే ఉంది. ఆ చప్పుడు చెరువుగట్టు దాకా వినబడింది. జనం అది కూడా ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. నాకు ఇప్పటికీ ఆ చప్పట్లే చెవుల్లో ఉంటాయి. ఆ ఐటెం చెయ్యమని నిన్ను ఎగదోసింది నేను. మర్నాడు హెడ్మాస్టర్ ఇది ఎవరి ఐడియా అని అడిగితే నేల చూపులు చూసిందీ నేనే. నువ్వు నా పేరు చెప్పలేదు. పది పాసై మీ నాయన వెంట బొంబాయి బస్సెక్కావు. మైకు మళ్లీ పట్టలేదు.

మన ఊరికి పిట్టలదొర వచ్చేవాడు కదా, ఖాకీ డ్రెస్సు, టోపీ, భుజాన కట్టె తుపాకి. పటేల్ వాకిట్లో నిలబడి పటేల్ మీదే కోతలు కోసి, ఆ ఇంటి నుంచే జొన్నలు కొలిపించుకుపోయేవాడు. మొన్న మా చిన్నది నన్ను హైదరాబాద్‌లో స్టాండప్ షోకు తీసుకుపోయింది. ఆ పిల్లగాడు బాగానే చెప్పాడు కానీ సగం జోకులు వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మీద. ఆ వాచ్‌మన్ ఆ హాల్లో లేడు. నాకెందుకో నవ్వు రాలేదు.

జానీ లీవర్ 1981లో ఉద్యోగం మానేశాడు. మరుసటి ఏడే సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ బృందంతో, అమితాబ్‌తో కలిసి దేశాలు తిరిగాడు. ఆపైన సినిమాలు, రెండు ఫిల్మ్‌ఫేర్లు, ఇప్పుడు కూతురు జేమీ కూడా స్టేజి మీదే. బొంబాయోడివి, ఇవన్నీ నీకు నేను చెప్పాలా?

అసలు సంగతి. దసరా సెలవుల్లో మన బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టుకున్నాం. ప్రోగ్రాం కాగితంలో నీ పేరు రాసేశా, పదిహేను నిమిషాలు. నిన్ను అడగలేదు, అప్పుడూ అడగలేదు కదా. సార్‌కు ఫోన్ చేసింది కూడా నేనే. ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. నీ పేరు చెప్తే గుర్తు రాలేదు. చెంపదెబ్బ అసలే గుర్తులేదు. "నన్ను దించేటోడా? ఎట్ల దించేటోడు?" అన్నాడు. ఏం చెయ్యను, ఫోన్‌లోనే నీలాగా అనబోయా. లెక్క తప్పు కాదు బిడ్డా నువ్వే తప్పు. నాది అధ్వానంగా వచ్చింది. అటువైపు చప్పుడు లేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా. ఇంతలో గట్టిగా గొంతు సవరించుకుని, "అట్ల కాదు. బిడ్డా అన్నకాడ ఆగాలె" అన్నాడు.

టికెట్లు చూసి చెప్పు. కృష్ణ స్టేషన్‌లో దిగితే నేను బండి తీసుకొస్తా. క్యాసెట్టు అప్పుడిస్తా.

నీ బెంచీ దోస్తు