అబ్బయా, ఏసీ పెట్టె చోటు మార్పించాము

నెల్లూరు,
రోహిణీ కార్తె

అబ్బయా,

పక్క ఫ్లాట్ వాళ్ల కోసం మన ఏసీ బయటి పెట్టెను అక్కడి నుంచి తీయిస్తానంటే, మొన్న నువ్వు కోపంగా ఫోన్ పెట్టేశావు. "మన డబ్బు, మన గోడ, మన ఏసీ, వాళ్లకేంది?" అన్నావు. ఈ ఎండల్లో మేము తట్టుకోలేమనే ఆ మాట అన్నావని తెలుసు. అయినా రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే మాటకు మాట పెరుగుతుందని రాస్తున్నాను. నిదానంగా చదువు.

పక్క ఫ్లాట్ వదిన గొడవ పడటానికి రాలేదు. కరివేపాకు అడగడానికి వచ్చినట్టు వచ్చి, "ఒకసారి మా ఇంట్లోకి రా వదినా" అంది. మధ్యాహ్నం రెండు గంటలు. వాళ్లమ్మాయి పురిటికి వచ్చింది గదా, బిడ్డకు ఇరవై రోజులు. ఉయ్యాల కట్టిన గది కిటికీ, మన ఏసీ పెట్టె బిగించిన డక్టులోకే, అంటే ఫ్లాట్ల మధ్య వదిలిన ఇరుకు సందులోకే తెరుచుకుంటుంది. అక్కడ నిలబడితే కట్టెల పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ మొహానికి కొట్టింది. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే సెగ. బిడ్డ మెడ మడతల్లో చెమటకాయలు ఎర్రగా పేలి ఉన్నాయి. బాలింత తడిగుడ్డతో మెల్లగా అద్దుతూ, నన్ను చూసి తల దించుకుంది. ఆ పిల్ల అలా తల దించుకోవడం నేను మరిచిపోలేను. మనం చల్లగా పడుకున్నది ఆ బిడ్డ ఒంటి మీద నుంచి గదరా.

మెకానిక్‌ను పిలిపించి విడమరిచి అడిగాను. ఏసీ చల్లదనాన్ని పుట్టించదంట, మన గదిలో వేడిని లాగి బయట పారబోస్తుందంట. మనది టన్నున్నర. గట్టిగా నడిచేటప్పుడు 5 కిలోవాట్లకు పైగా వేడి లాగుతుంది. అది కాల్చే కరెంటు కూడా వేడయ్యి దాంతోనే బయటికి పోతుంది. రెండూ కలిపితే రెండేసి కిలోవాట్ల గీజర్లు మూడు ఒకేసారి వేసినదానికంటే ఎక్కువ. అదంతా మూడు వైపులా గోడలున్న ఆ ఇరుకు సందులోకి! అక్కడ గాలి కదలదు కాబట్టి, వదిలిన వేడిగాలినే ఆ పెట్టె మళ్లీ పీల్చుకుంటుంది. చల్లబడటానికి ఎక్కువ సేపు తిరిగి, కరెంటు ఎక్కువ తాగుతుంది. అంటే ఆ చోటు మనకూ నష్టమే. బిగించే రోజే ఇది మనకు చెప్పి ఉండాల్సింది. పైపు తక్కువ పడుతుందని అక్కడ పెట్టేశారు.

ఇక గోడ మనదే అన్నావు. మన అసోసియేషన్ పెద్దాయన చెప్పారు, మన రాష్ట్రానికి 1987 నుంచి అపార్ట్‌మెంట్ల చట్టం ఉందంట. దాని ప్రకారం ప్రధాన గోడలు, పైకప్పు, మెట్లు అందరి ఉమ్మడి ఆస్తి. చట్టం లేకపోయినా నేను తీయించేదాన్నే.

పెట్టెను రోడ్డు వైపు బాల్కనీ బయటికి మార్పించాము. అక్కడ ఎదురుగా ఎవరి కిటికీ లేదు. రాగి పైపు కొంత పెంచి, గ్యాస్ సరిచూసి, స్టాండు కింద రబ్బరు ముక్కలు పెట్టారు. మొత్తం 6,500 అయింది. రాత్రిళ్లు గోడ గుండా వినిపించే ఆ బొయ్యిమనే మోత కూడా పోయింది.

నీళ్ల సంగతి ఇంకొకటి ఉంది. మన డ్రెయిన్ పైపు చివర గాలికి ఊగి, కింద ఫ్లాట్ వాళ్లు ఆరబెట్టుకున్న సగ్గుబియ్యం వడియాల మీద బొట్లు బొట్లుగా పడింది. ఒక చీరకు సరిపడా వడియాలు, తెల్లవారుజామున లేచి పెట్టుకున్నవి, జిగురుముద్ద అయిపోయాయి. చీర పట్టుకుని మెట్లెక్కి వచ్చింది ఆవిడ. తప్పు మాది అని చెప్పి, మరుసటి రోజు నేనూ వెళ్లి గంజి కాచి మళ్లీ పెట్టించి వచ్చాను. ఇప్పుడు పైపును బకెట్‌లోకి వదిలాము. మన ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ గదా, తెల్లారేసరికి అర బకెట్ నిండుతుంది. ఇల్లు తుడవడానికి, తులసికోటకు అవే నీళ్లు.

మీ నాన్న 18లో పెట్టుకుని రగ్గు కప్పుకునేవారు. 24లో పెట్టమన్నాను. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించాలని కేంద్రం రూలు పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందంట. 24లో ఫ్యాన్ కూడా వేస్తే చాలు, హాయిగానే ఉంది.

డబ్బులు పంపొద్దు, మీ నాన్న పెన్షన్‌లో సర్దాము. వచ్చేటప్పుడు మాత్రం ఆ బిడ్డకు రెండు మెత్తటి నూలు జుబ్బాలు తీసుకురా. వదిన ఇంటికి నువ్వే వెళ్లి ఇవ్వు.

నీ బెంగళూరు ఫ్లాట్‌లో ఏసీ పెట్టె ఎవరి కిటికీ ఎదురుగా ఉందో, నీళ్లు ఎక్కడ పడుతున్నాయో బాల్కనీలోకి వెళ్లి ఒకసారి తొంగి చూడు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు.

మీ అమ్మ